తగ్గిందనుకున్న ఓసీడీ ఒక రోజు మళ్లీ ఎందుకు విజృంభిస్తుంది?

ఒక టీచరమ్మను ఊహించుకుందాం. గ్యాస్ కట్టేశానా లేదా అన్న అనుమానంతో ఆమెకు రోజూ బడికి ఆలస్యమయ్యేది. గేటు దాకా వెళ్లి వెనక్కి రావడం, రెగ్యులేటర్ మీద చెయ్యి పెట్టి పది లెక్కపెట్టడం, మధ్యలో మనసు పక్కకు పోయిందనిపించి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడం. మానసిక వైద్యుడు ఇది ఓసీడీ అని చెప్పి మందు రాశారు, థెరపీకి పంపారు. కొన్ని నెలలకు మనిషి తేరుకుంది. స్టవ్ ఆపి, ఒక్కసారి చూసుకుని, తాళం వేసి వెళ్లిపోవడం అలవాటైంది. ఆ తరువాత ఇంట్లో పెళ్లి వచ్చింది. వారం పాటు సరైన నిద్ర లేదు. చుట్టాలందరూ వెళ్లిపోయాక, సోమవారం ఉదయం బస్టాపులో నిలబడిందో లేదో, పాత అనుమానం పాత బలంతోనే వచ్చి మీద పడింది. అదే గుండెదడ, అలాగే చెమట పట్టిన అరచేతులు. వీటికి తోడు కొత్తగా ఇంకో ఆలోచన: ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా?

కోలుకుంటున్నవారిని చాలాసార్లు వెనక్కి లాగేది ఈ చివరి ప్రశ్నే. గ్యాస్ గురించిన అనుమానంతో ఎలా మసలుకోవాలో ఆమెకు ఈపాటికి తెలుసు. ఆ అనుమానం ఈ రోజు ఎందుకు వచ్చిందన్న భయంతో ఎలా మసలుకోవాలో మాత్రం తెలియదు.

ముందు జబ్బు సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. ఓసీడీ, అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, ఇల్లు నీటుగా సర్దుకునే అలవాటు కాదు. పుస్తకాలు వరుసలో పెట్టుకునేవాళ్లు ‘నాకు కొంచెం ఓసీడీ ఉందిలే’ అని నవ్వుతూ అంటుంటే, నిజంగా ఆ జబ్బు ఉన్నవాళ్లు చెప్పుకోవడానికి ఇంకా జంకుతున్నారు. అక్కర్లేని ఒక ఆలోచన మనసులోకి జొరబడుతుంది. దాని వెంట భయమో, జుగుప్సో, ఏదో సరిగా లేదన్న చిరాకో వస్తుంది. దాన్ని అణచడానికి మనిషి ఒక తంతు చేస్తాడు: కడుక్కోవడం, సరిచూసుకోవడం, లెక్కపెట్టడం, లెంపలు వేసుకోవడం, ఎవరినో అడిగి ‘ఏం కాదు’ అనిపించుకోవడం. క్షణకాలం ఊరట దొరుకుతుంది. ఆ ఊరటే మెదడుకు పాఠమవుతుంది: ప్రమాదం నిజమే, తంతు వల్లనే తప్పించుకున్నాం అని. మర్నాడు అదే ఆలోచన ఇంకాస్త గట్టిగా వస్తుంది.

ఇలాంటి ఆలోచనలు రానివారు అరుదు. స్టాన్లీ రాక్‌మన్, పద్మల్ డి సిల్వా అనే మనస్తత్వవేత్తలు 1978లో ప్రచురించిన అధ్యయనంలో, ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్లో ఎక్కువమందికి కూడా ఇదే తరహా వింత ఆలోచనలు వస్తాయని తేలింది. బిడ్డను కింద పడేస్తానేమో, గర్భగుడి ముందు బూతుమాట అనేస్తానేమో, రైలు వస్తుంటే పట్టాల మీదకు దూకేస్తానేమో. మామూలుగా అయితే ‘ఛీ, ఇదేం ఆలోచన’ అనుకుని ముందుకు సాగిపోతాం. ఓసీడీ ఉన్న మనిషి అక్కడే ఆగిపోతాడు. ఇలాంటి ఆలోచన నాకు ఎందుకు వచ్చింది, నేను అలాంటివాణ్ణా అని విచారణ మొదలుపెడతాడు. అలా జరగకుండా చూసే బాధ్యత అంతా తన నెత్తినే ఉందనుకునే ఈ ధోరణిని పాల్ సాల్కోవ్‌స్కిస్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త 1985లోనే వివరించారు.

మన ఇళ్లలో ఈ ధోరణికి ఎరువు వేసే నమ్మకాలు కొన్ని ఉన్నాయి. చెడు మాట నోట వస్తే ‘పైన తథాస్తు దేవతలు ఉంటారు’ అని పెద్దవాళ్లు వారించడం వినని తెలుగువాళ్లు ఉండరు. పిల్లలకు నోరు అదుపులో పెట్టుకోవడం నేర్పడానికి అది బాగానే పనికొస్తుంది. ఓసీడీ ఉన్న పిల్లవాడి చెవిలో పడితే మాత్రం, నాన్నకు ప్రమాదం జరుగుతుందేమోనన్న ఆలోచన రావడమే ప్రమాదాన్ని పిలవడమవుతుంది. దాన్ని రద్దు చేయడానికి ఒక మంత్రం, మంత్రంలో తప్పు దొర్లితే మళ్లీ మొదటి నుంచి. ఇంట్లోవాళ్లకు ఇది భక్తిలా కనిపిస్తుంది, లేకపోతే చాదస్తంలా. జబ్బులా కనిపించేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

దీనికి ఇప్పుడున్న ప్రధాన మానసిక చికిత్స పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, పొట్టిగా ఈఆర్‌పీ. లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త 1966లో ఇద్దరు రోగులపై ప్రయత్నించి ప్రచురించిన పద్ధతి దీనికి మూలం. భయపడేదాన్ని కావాలనే ఎదుర్కోవాలి, తంతు మాత్రం చేయకూడదు. వినడానికి ఇంతే. చేసేవాళ్లకు తెలుస్తుంది అది ఎంత కష్టమో.

చెరిగిపోని పాత పాఠం

ఇప్పుడు ఆ సోమవారం దగ్గరికి వద్దాం. చికిత్సతో తగ్గిన భయం మళ్లీ ఎక్కడి నుంచి వచ్చింది?

సమాధానంలో సగం రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కల దగ్గరే ఉంది. గంట మోగితే తిండి వస్తుందని నేర్చుకున్న కుక్క, గంట వినగానే చొంగ కార్చేది. తరువాత గంట మోగించి తిండి పెట్టకపోతే, కొన్నిసార్లకు చొంగ ఆగిపోయింది. పాఠం చెరిగిపోయిందనుకోవచ్చు. కొంత విరామం ఇచ్చి మళ్లీ గంట మోగిస్తే చొంగ తిరిగి వచ్చింది. అంటే పాత పాఠం పోలేదు, దాని పక్కన ‘ఇప్పుడు గంటకు తిండి రాదు’ అనే కొత్త పాఠం చేరింది. దశాబ్దాల తరువాత అమెరికాలో మార్క్ బౌటన్ అనే మనస్తత్వవేత్త దీని మీద ఎన్నో ప్రయోగాలు చేసి ఇంకో సంగతి చెప్పారు. కొత్త పాఠం, అది నేర్చుకున్న పరిసరాలను అంటిపెట్టుకుని ఉంటుంది. చోటు మారినా, కాలం గడిచినా, శరీరస్థితి మారినా, పాతదే ముందుగా గుర్తుకొస్తుంది.

ఈఆర్‌పీలో జరిగేది కూడా అదే. రెగ్యులేటర్ చూసుకోకపోతే ఇల్లు తగలబడుతుందన్న పాత పాఠం టీచరమ్మ మెదడులో అలాగే ఉంది. చూసుకోకుండా వెళ్లినా మామూలుగానే సాయంత్రమవుతుందన్న కొత్త పాఠం దాని మీద గెలుస్తూ వస్తోంది. నిద్రలేని వారం తరువాత ఒక ఉదయం పాతది గెలిచింది. చెడ్డరోజు అంటే ఇంతే. నేర్చుకున్నదంతా పోయిందనడానికి అది సాక్ష్యం కాదు.

అందుకే చెడ్డరోజులు ఎప్పుడు వస్తాయో కొంతవరకు ఊహించవచ్చు. నిద్ర తక్కువైనప్పుడు, జ్వరం వచ్చి లేచినప్పుడు, ఊరో ఇల్లో మారినప్పుడు. స్త్రీలలో కొందరికి నెలసరికి ముందు రోజుల్లోనూ, ప్రసవం తరువాతా లక్షణాలు పెరుగుతాయి. మాత్రలు రెండు మూడు రోజులు మరిచిపోయినప్పుడు సరేసరి. మంచి సంగతులు కూడా తక్కువ తినవు: ప్రమోషన్, గృహప్రవేశం, కడుపు పండటం. ప్రతిదానితో పాటూ ఒక కొత్త బాధ్యత వస్తుంది, బాధ్యత ఓసీడీకి ఇష్టమైన మేత. శుచి, మైల చుట్టూ తిరిగే ఓసీడీ ఉన్నవారికి పంచాంగమే ముందస్తు హెచ్చరిక. గ్రహణం నాడు, ఇంట్లో పురుడో మైలో వచ్చినప్పుడు, కార్తీకంలో, దీక్షలు పట్టిన రోజుల్లో చుట్టూ ఉన్నవాళ్లందరూ నియమాలు పాటిస్తుంటారు. వాళ్లు ఒక స్నానంతో ఆగుతారు. ఈయన ఆగలేడు.

చెడ్డరోజును చెడ్డవారంగా మార్చేది

ఆలోచన తిరిగి రావడం వల్ల పెద్ద నష్టం లేదు. నష్టం దాని మీద జరిపే విచారణతో మొదలవుతుంది. ‘మళ్లీ వచ్చిందా? నిన్నటి కన్నా ఎక్కువగా ఉందా? ఇప్పుడు ఉందా? ఇప్పుడు?’ అంటూ మనిషి తనను తాను గంటకోసారి తడిమి చూసుకుంటాడు. ఇంతకు ముందు గ్యాస్‌ను సరిచూసుకునేవాడు, ఇప్పుడు జబ్బును సరిచూసుకుంటున్నాడు. తంతు అదే, వస్తువు మారిందంతే. కోలుకోవడమే కొత్త వ్యసనమయ్యే ఈ పరిస్థితిని గుర్తుపట్టడం చాలా కష్టం. ఎందుకంటే పైకి అది శ్రద్ధలా కనిపిస్తుంది.

డేనియల్ వెగ్నర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1987లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఐదు నిమిషాల పాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని విద్యార్థులకు చెప్పి, ఆలోచన వస్తే గంట కొట్టమన్నారు. గంట మోగుతూనే ఉంది. పైగా తరువాత ఆలోచించవచ్చని అనుమతిస్తే, మొదటి నుంచీ అనుమతి ఉన్నవారి కన్నా వీరికే ఆ ఎలుగుబంటి ఎక్కువసార్లు గుర్తొచ్చింది. ఈ రోజు ఆ ఆలోచన రాకూడదని పంతం పట్టిన రోజే అది తిష్ఠ వేస్తుంది.

ఇంకో ఉచ్చు ఉంది. మద్యం మానినవారి మీద పరిశోధించిన అలాన్ మార్లట్ ఒక సంగతి గమనించారు. ఒక్క గుక్క తాగిన మనిషి ‘ఎలాగూ వ్రతం చెడింది’ అనుకుని సీసా ఖాళీ చేస్తాడు. ఒక్కసారి జారడానికీ, పూర్తిగా పాత స్థితికి పోవడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని చెరిపేసేది నిరాశ. ఓసీడీలోనూ అంతే. ఒక్కసారి వెనక్కి వెళ్లి గ్యాస్ చూసుకున్న మనిషి, ‘అయిపోయింది, నా వల్ల కాదు’ అనుకుంటే ఆ రోజు మిగతా పదిసార్లూ చూసుకుంటుంది.

బస్టాపులో ఆ పావుగంట

టీచరమ్మ చేతిలో ఫోను ఉంది. ఆమె ముందున్న దారులు ఒక్కొక్కటే చూద్దాం, ఎందుకంటే చికిత్స అంతా ఈ పావుగంటలోనే ఉంది.

ఇంటికి తిరిగి వెళ్లవచ్చు. అది పాత తంతు, దాన్ని ఆమె గుర్తుపట్టగలదు. పక్కింటి పిన్నిగారి దగ్గర ఇంకో తాళం చెవి ఉంది. ‘పిన్నిగారూ, ఒక్కసారి వంటింట్లోకి వెళ్లి చూసి చెప్పరా’ అని ఫోను చేయవచ్చు. ఇది సాయం అడిగినట్టుగా ఉంటుంది గాని, తంతును ఇంకొకరి చేత చేయించడమే. రేపటి నుంచి బయలుదేరే ముందు రెగ్యులేటర్‌ను ఫోటో తీసి పెట్టుకుందామన్న ఐడియా వస్తుంది. తెలివైన ఐడియా, అందుకే ప్రమాదకరం. నెల తిరిగేసరికి ఆ ఫోటో ఈ రోజుదా నిన్నటిదా అన్న అనుమానం కాచుకుని ఉంటుంది.

అన్నిటికన్నా లోతుగా దాక్కునేది నాలుగోది. ఆమె కదలదు, ఎవరినీ అడగదు, బస్టాపులోనే నిలబడి మనసులో రీలు వెనక్కి తిప్పుతుంది. పాలు దించాను, స్టవ్ ఆపాను, నాబ్ తిప్పాను, ఆ టక్కుమన్న చప్పుడు విన్నాను. విన్నానా? బయటివాళ్లకు ఏమీ కనిపించదు. ఆమె కూడా ‘నేను తంతు ఏమీ చేయలేదు’ అనుకుంటుంది. కానీ మనసులో చేసే ఈ సరిచూపు కూడా తంతే. రోజంతా అలసట, తలనొప్పి దీని ఫలితమే కావచ్చు.

మరి ఆమె ఏం చేయాలి? బస్సు ఎక్కాలి. అనుమానానికి జవాబు చెప్పకుండా ఎక్కాలి. ‘కట్టేసి ఉండవచ్చు, కట్టేయకపోయి ఉండవచ్చు. ఇప్పుడు తేల్చను’ అన్నదే ఆమె చెప్పుకోగల మాట, అదీ ఒక్కసారే. పదే పదే జపిస్తే అదీ మంత్రమైపోతుంది. దడ తగ్గేదాకా ఆగి తరువాత బడికి వెళ్దామనుకోకూడదు. దడతోనే అటెండెన్స్ తీసుకోవచ్చు, దడతోనే ఏడో ఎక్కం చెప్పించవచ్చు. భయం తగ్గితేనే ఎక్స్‌పోజర్ ఫలించినట్టని ఒకప్పుడు అనుకునేవారు. మిషెల్ క్రాస్క్ వంటి పరిశోధకుల పని తరువాత ఆ అభిప్రాయం మారింది. భయం ఉండగానే అనుకున్న విపత్తు జరగలేదని చూడటం, ఆ భయాన్ని మోయగలనని తెలుసుకోవడం ముఖ్యమని ఇప్పుడు చెబుతున్నారు.

అది కూడా చేయలేని రోజు ఉంటుంది. అప్పుడు వాయిదా వేయడం ఒక ఉపాయం. ఇప్పుడు కాదు, మధ్యాహ్నం భోజనాల గంటకు పిన్నిగారికి ఫోను చేస్తాననుకోవాలి. ఆ వేళకు చాలాసార్లు ఆ తహతహ పలచబడి ఉంటుంది. వాయిదా కుదరకపోతే, తంతును అరకొరగా ముగించాలి. పది లెక్కపెట్టే అలవాటుంటే ఆరు దగ్గర ఆపేయాలి. పూర్తిగా చేసేసినా ఇంకో అవకాశం మిగిలే ఉంది: చేసి వచ్చాక, ‘అయినా సరిగా చూశానో లేదో’ అని తనే ఆ అనుమానాన్ని మళ్లీ పిలిచి, ఈసారి దానికి లొంగకుండా నడిచి వెళ్లడం. తంతు ఇచ్చిన ఊరటను ఇలా పాడుచేయడం థెరపిస్టులు నేర్పే పద్ధతే. ఓడిపోయాననుకున్న ఉదయం నుంచి కూడా మెదడుకు ఏదో ఒక కొత్త పాఠం అందుతుంది.

నా ఉద్దేశంలో, చెడ్డరోజున సెలవు పెట్టకపోవడమే మేలు. ఖాళీ ఇల్లు, పొద్దంతా తీరిక దొరికితే ఓసీడీకి అంతకన్నా ఏం కావాలి? అలాగని పట్టుదలకు పోయి, థెరపీలో రాసుకున్న భయాల జాబితాలో అన్నిటికన్నా కష్టమైన ఎక్స్‌పోజర్‌ను ఆ రోజే మొదలుపెట్టనక్కర్లేదు. ఉన్నచోటు నుంచి వెనక్కి పోకుండా నిలబడితే చాలు.

దీర్ఘశ్వాస తీసుకోండి, ధ్యానం చేయండి, నామజపం చేయండి అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. వీటిలో దేనికీ తప్పు లేదు, ఎందుకు చేస్తున్నామన్నదే ప్రశ్న. రోజూ సాయంత్రం విష్ణుసహస్రనామం చదివే మనిషి ఈ సాయంత్రమూ చదవవచ్చు. చెడు ఆలోచనను కడిగేయడానికి చదివితే అది తంతు. తేడా తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మధ్యలో ఒక శ్లోకం తప్పిపోతే ఏమవుతుంది? ‘ఏముంది, దేవుడికి తెలియదా’ అనిపిస్తే భక్తి. గుండె గుభేలుమని మళ్లీ మొదటికి వెళ్లాల్సి వస్తే ఓసీడీ. ఇంటర్నెట్‌లో లక్షణాలు వెతకడం, అర్ధరాత్రి చాట్‌బాట్‌ను ‘నేను మంచివాణ్ణేనా’ అని అడగడం ఏ కోవలోకి వస్తాయో వేరే చెప్పనక్కర్లేదు. విసుగు లేకుండా ఎన్నిసార్లయినా జవాబు చెప్పే యంత్రం దొరకడం ఈ జబ్బుకు ఎంత సుఖమో!

ఇంట్లోవాళ్ల మాట

‘ఏమండీ, నేను మళ్లీ మొదటికి వచ్చేశానంటారా?’ అని ఆ రాత్రి టీచరమ్మ భర్తను అడుగుతుంది. ‘అబ్బే, ఏం లేదు, నీకు తగ్గిపోయింది’ అంటాడాయన, ప్రేమతోనే. పది నిమిషాల్లో మళ్లీ అడుగుతుంది. ఐదోసారికి ఓపిక నశించి ‘మళ్లీ మొదలుపెట్టావా?’ అంటాడు. మొదటి జవాబు ఓసీడీకి మేత వేసింది, చివరిది ఆమెను గాయపరిచింది.

వీటి మధ్య ఇంకో దారి ఉంది, కాకపోతే దాన్ని మంచిరోజునే మాట్లాడుకుని పెట్టుకోవాలి. ‘నీకు కష్టంగా ఉందని కనిపిస్తోంది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పనని ఇద్దరం అనుకున్నాం కదా. రా, అన్నం తిందాం.’ బాధను ఒప్పుకోవడం, జవాబు ఇవ్వకపోవడం, పక్కన ఉండటం. ముందుగా అనుకోకుండా, చెడ్డరోజున ఉన్నట్టుండి అన్ని సాయాలూ ఆపేస్తే అది చికిత్స కాదు, శిక్ష. అత్తగారి కోసం ఇల్లంతా మూడుసార్లు కడుగుతున్న కోడలైనా, కొడుకు కోసం తలుపు గొళ్లెం సరిచూసి వస్తున్న తండ్రైనా, సాయాన్ని థెరపిస్టుతో మాట్లాడి మెట్లు మెట్లుగా తగ్గించుకోవాలి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

మందుల విషయంలో చెడ్డరోజు రెండు పొరపాట్లు చేయిస్తుంది. ఒకటి, మందు పనిచేయడం లేదని మానేయడం. రెండు, తనంతట తానే ఇంకో మాత్ర వేసుకోవడం, లేకపోతే ఇంట్లో ఎవరికో రాసిన నిద్రమాత్ర మింగడం. ఓసీడీకి వాడే ఫ్లూఆక్సెటీన్, సెర్ట్రలీన్, ఫ్లూవోక్సమీన్ వంటివి డిప్రెషన్‌కు వాడే మోతాదు కన్నా తరచుగా ఎక్కువ మోతాదులో ఇస్తారు. ఫలితం తేలడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. తగ్గిన తరువాత కూడా కనీసం ఒకటి రెండేళ్లు కొనసాగించమని సాధారణంగా చెబుతారు. అంత నిదానంగా పనిచేసే మందును ఒక్క సోమవారాన్ని చూసి తూకం వేయలేం.

చెడ్డరోజులు వరసగా వారాల కొద్దీ సాగుతుంటే, తంతులకు రోజుకు గంటకు మించి పోతుంటే, ఇదివరకు వెళ్లగలిగిన చోటికి వెళ్లడం మానేస్తుంటే అపాయింట్‌మెంట్ తీసుకోవాల్సిందే. డాక్టర్లు వై-బాక్స్ అనే 40 మార్కుల కొలమానంతో తీవ్రతను అంచనా వేస్తారు. పాత స్కోరు ఫైలులో ఉంటే పోల్చి చూడటం సులువవుతుంది. బతకాలనిపించకపోవడం, చనిపోవాలన్న ఆలోచనలు రావడం ఉంటే వారాలు ఆగకూడదు. అది ఓసీడీ తెచ్చిన భయమా, నిజమైన కోరికా అని ఒంటరిగా తేల్చుకునే ప్రయత్నం అసలు చేయవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మొండిగా తయారైన ఓసీడీకి బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ప్రత్యేక క్లినిక్ ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నాలుగు సంగతులు రాసుకుని వెళితే సమయం కలిసొస్తుంది: ఈ మధ్య నిద్ర ఎలా ఉంది, మాత్రలు ఎన్ని తప్పాయి, ఏ తంతు ముందుగా తిరిగి వచ్చింది, మనసులో ఎవరికీ కనిపించకుండా చేస్తున్నవేమిటి. పసిబిడ్డ గురించో, దేవుడి గురించో, లైంగిక విషయాల గురించో వచ్చే ఆలోచనలను చెప్పడానికి సిగ్గుపడి, వాటి బదులు చేతులు కడుక్కోవడం ఒక్కటే చెప్పి వచ్చేవారు చాలామంది. అప్పుడు చికిత్స కూడా చేతుల దగ్గరే ఆగిపోతుంది. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. ఓసీడీ చూసే వైద్యులకు అవి కొత్త కాదు.